గ్రహణమొర్రి, మేనరికం, రెండో కాన్పు: మా చెల్లెలి విషయంలో తెలిసినవారి సలహా కావాలి

ప్రశ్న: ఉరవకొండ ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర ఒక పల్లె. ఆరేళ్ళ కిందట మా చెల్లెలిని మా సొంత మేనమామకే ఇచ్చి పెళ్ళి చేశాము. 2023 మార్చిలో ఆమెకు తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పాపకు పై పెదవి ఎడమవైపు చీలి ఉంది, అంగిలి కూడా వెనుకదాకా చీలి ఉంది. మా ప్రాంతంలో దీన్ని గ్రహణమొర్రి అంటారు. నాలుగో నెలలో పెదవికి, ఏడాది దాటాక అంగిలికి శస్త్రచికిత్సలు చేయించాము. ఇప్పుడు పాప చక్కగా తింటోంది, పరుగులు పెడుతోంది. మాటలు మాత్రం కొద్దిగానే వస్తున్నాయి, అవి కూడా ముక్కుతో పలికినట్లు ఉంటాయి.

2022 అక్టోబరు 25న, దీపావళి మరునాటి సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. అప్పటికి మా చెల్లెలికి ఐదో నెల. తీగ మీద ఆరేసిన బట్టలు తీయడానికి ఆమె పెరట్లోకి వెళ్ళిందని, పాపకు మొర్రి రావడానికి అదే కారణమని మా అవ్వ ఈనాటికీ అంటోంది. మేనరికం కాబట్టి మా అవ్వే ఆమెకు అత్త. పరాయి అత్తగారైతే ఎదురు చెప్పేవాళ్ళమేమో. మమ్మల్ని ఎత్తుకొని పెంచిన మనిషి, ఆ పాప మీద ప్రాణం పెట్టుకొని బతుకుతున్న మనిషి, కళ్ళ నీళ్ళు పెట్టుకొని అనే మాట అది. మా చెల్లెలు జవాబు చెప్పదు. ఆ సాయంత్రం నాలుగు బట్టల కోసం గడప దాటకపోయి ఉంటే బాగుండేదని రాత్రిళ్ళు ఏడుస్తుందని మామ నాతో చెప్పినప్పుడు, నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు.

గ్రహణం కారణం కాదని నాకు తెలుసు. కానీ ఎందుకు కాదో అవ్వకు అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. ఊళ్ళో కొందరు మేనరికం వల్లనే వచ్చిందంటున్నారు, మరికొందరు బోరునీళ్ళలోని ఫ్లోరైడు వల్ల అంటున్నారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నారు. రెండో బిడ్డకు కూడా ఇలా వచ్చే అవకాశం ఎంత? ముందుగా ఏ పరీక్షలు చేయించాలి? అనుభవం ఉన్నవారు, వైద్యులు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

జవాబు: ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి

అన్నా, మీ చెల్లెలి బాధ నాకు తెలుసు. మా బాబు కూడా ఇలాగే పుట్టాడు, వాడికిప్పుడు పదకొండేళ్ళు. మాది మేనరికం కాదు, రెండు కుటుంబాలకూ అంతకుముందు చుట్టరికమే లేదు. నా కడుపులో వాడున్న నెలల్లో గ్రహణం పట్టినప్పుడు మా అత్తగారు నన్ను కదలనివ్వకుండా చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అంత కట్టడిగా ఉన్నా మొర్రి వచ్చింది. ఈ సంగతి మీ అవ్వగారికి చెప్పండి. పుస్తకాల్లోని మాట కంటే మరో తల్లి మాట ఆమె చెవికి ఎక్కవచ్చు.

పాప మాటల గురించి మీరు రాసింది చూసి ఇంకొక విషయం చెప్పాలనిపించింది. అంగిలి చీలిన పిల్లలకు చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గుతుంది. సరిగా వినబడని బిడ్డకు మాట రాదు. మా బాబుకు మూడేళ్ళదాకా ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. వాడు మొండివాడని, పిలిస్తే పలకడని కోప్పడుతూ వచ్చాము. ఆ కోపాలన్నీ ఇప్పుడు తలుచుకుంటే నాకు గుండె పిండినట్లవుతుంది. మీరు ఆలస్యం చేయకుండా పాపకు వినికిడి పరీక్ష చేయించండి, మాటల శిక్షణ మొదలుపెట్టించండి. పుట్టుకతో వచ్చే లోపాలకు పిల్లలందరినీ పరీక్షించి ఉచితంగా వైద్యం చేయించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. అందులో మొర్రి కూడా ఉంది. అంగన్‌వాడీకి వచ్చే ఆ వైద్యబృందాన్ని అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

జవాబు: కర్నూలు నుంచి ఒక పిల్లల వైద్యురాలు

అయ్యా, మీ అవ్వగారికి చెప్పవలసిన మాటతోనే మొదలుపెడతాను. పిండం ముఖం ఒక్క ముక్కగా పుట్టదు. రెండు పక్కల నుంచీ, పైనుంచీ పెరుగుతూ వచ్చే కండరేకులు మధ్యలో కలిసి అతుక్కుంటే పై పెదవి ఏర్పడుతుంది. గర్భం నిలిచిన నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య ఈ పని జరిగిపోతుంది. ఆ వెంటనే అంగిలి మొదలై మూడో నెల ముగిసేలోపు మూసుకుంటుంది. పాప 2023 మార్చిలో నెలలు నిండి పుట్టిందంటే 2022 జూన్ నెలాఖరులో గర్భం నిలిచి ఉండాలి. అంటే పెదవి కలవవలసిన రోజులు శ్రావణమాసంలోనూ, అంగిలి మూసుకోవలసిన రోజులు భాద్రపదం దాటకుండానూ గడిచిపోయాయి. గ్రహణం పట్టింది ఆశ్వయుజ అమావాస్య నాడు. ఆ సాయంత్రం మీ చెల్లెలు బట్టలు తీయడానికి వెళ్ళేనాటికి పాప పెదవి, అంగిలి ఎలా ఉండాలో అలా అయిపోయి అప్పటికే చాలా వారాలు గడిచాయి. అవ్వగారు నెలల లెక్క తెలిసిన మనిషే అయి ఉంటారు. వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పండి.

మన జిల్లాల రైతులకు ఈ సంగతి చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో వాన ముఖం చాటేస్తే, ఆ తర్వాత ఎంత కురిసినా ఆ కాయ తిరిగి రాదు. పిండంలో ప్రతి అవయవానికీ అటువంటి పదును రోజులు ఉంటాయి. ప్రపంచం ఈ పాఠం చాలా దుఃఖంతో నేర్చుకున్నది థాలిడోమైడ్ వల్ల. 1961లో ఆ మందును వెనక్కి తీసుకునేలోపు వేలాదిమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. గర్భం నిలిచిన సుమారు ఇరవయ్యో రోజుకూ ముప్పై ఆరో రోజుకూ మధ్య ఆ మాత్ర వేసుకున్న తల్లుల బిడ్డలే అలా దెబ్బతిన్నారు.

ఇక మేనరికం. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి, మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు ఉంటాయి. ప్రతి మనిషిలోనూ ఏవో కొన్ని లోపమున్న జన్యువులు దాగి ఉంటాయి. జతలోని రెండోది బాగున్నంతకాలం అవి బయటపడవు. భార్యాభర్తలిద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి ఒకే లోపం వచ్చి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు వైపుల నుంచీ ఆ లోపమే చేరే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది. పుట్టు చెవుడులో కొన్ని రకాలు, తలసీమియా అనే రక్తపు జబ్బు, పసితనంలోనే ప్రాణం తీసే కొన్ని జీవక్రియ జబ్బులు ఇలా వస్తాయి. అందువల్ల మా ఇళ్ళలో ఎవరికీ ఏ జబ్బూ లేదు అన్న మాట మేనరికానికి హామీ కాదు. ఏ సంబంధమూ లేని దంపతుల బిడ్డల్లో నూటికి ఇద్దరు ముగ్గురు ఏదో ఒక పుట్టు లోపంతో పుడతారు. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్ళాడితే ఆ సంఖ్య సుమారు రెట్టింపు అవుతుంది, మేనమామ, మేనకోడలి విషయంలో చుట్టరికం ఇంకా దగ్గరది.

అయితే మొర్రి ఆ కోవకు చెందినది కాదు, ఇది ఊళ్ళో వాళ్ళు గమనించవలసిన తేడా. సాధారణంగా మొర్రి ఒక్క జన్యువు లోపంతో రాదు. చాలా జన్యువుల చిన్న చిన్న ప్రభావాలూ, ఆ పదును రోజుల్లో తల్లి శరీరంలో ఉన్న పరిస్థితులూ కలిసి దానికి దారితీస్తాయి. ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టిన కవలలను చూడండి. వాళ్ళ జన్యువులన్నీ ఒకటే. అయినా ఒకరికి మొర్రి ఉన్నప్పుడు రెండోవారికి కూడా ఉండేది నూటికి నలభై నుంచి అరవై జంటల్లోనే. జన్యువులే సమస్తమూ అయితే నూటికి నూరు ఉండాలి కదా. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు పళ్ళకూ ఎముకలకూ చేసే చెరుపు మన ప్రాంతానికి బాగా తెలిసినదే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళను గర్భిణి తాగకుండా చూసుకోవడం మంచిదే. కానీ మొర్రికి దాన్ని కారణంగా చూపడానికి ఆధారం లేదు.

మొదటి బిడ్డకు మొర్రి ఉండి, కుటుంబంలో మరెవరికీ లేనప్పుడు, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు. మామూలుగా సుమారు ఏడువందల మందిలో ఒకరికి వస్తుంది కాబట్టి ఇది ఎక్కువే. అయినా నూటికి తొంభై ఐదుకు పైగా అవకాశం బిడ్డ మొర్రి లేకుండా పుట్టడానికే ఉందని మీ చెల్లెలికి ఆ వైపు నుంచి చెప్పండి.

ఈ అంకె మీ ఇంటికి సరిపోతుందో లేదో చెప్పాలంటే నాకు కొన్ని సంగతులు తెలియాలి. మూడు తరాల్లో ఎవరికైనా మొర్రి, చెవుడు, గుండె లోపం ఉన్నాయా? పాపకు గానీ, తల్లిదండ్రులకు గానీ, కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు ఉన్నాయా? అవి ఉంటే ఒక్క జన్యువుతో వచ్చే వేరే రకం మొర్రి అయి ఉంటుంది, అప్పుడు అవకాశం సగానికి సగం. మీ చెల్లెలికి చక్కెర వ్యాధి ఉందా? గర్భం నిలిచిన మొదటి రెండు నెలల్లో ఆమె ఏ మందులు వాడింది? ఏళ్ళ తరబడి వాడుతున్నవి ఏమైనా ఉన్నాయా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చీటీ చూసి రాయండి.

ప్రశ్న అడిగినవారు: ఉరవకొండ ఉపాధ్యాయుడు

డాక్టరమ్మా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న సాయంత్రం నెలల లెక్క అవ్వ ముందు పెట్టాను. ఆమె రెండుసార్లు వేళ్ళు మడిచి చూసుకుంది, ఏమీ అనలేదు.

రెండు వైపులా మొర్రి ఎవరికీ లేదు. పెదవి మీద గుంటలు లేవు, చక్కెర లేదు. మామ బీడీలు తాగుతాడు. మందుల విషయం మాత్రం నాకు తట్టనే లేదు. చెల్లెలికి పద్నాలుగో ఏట మూర్ఛ వచ్చింది. అప్పటి నుంచి రోజూ మాత్రలు వేసుకుంటోంది, ఆరేడేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. చీటీలో సోడియం వాల్‌ప్రోయేట్ 500 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని ఉంది. పెళ్ళి తర్వాత ఆ సంగతి బయట ఎక్కువగా మాట్లాడుకోలేదు. కాన్పు చూసిన ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేము కూడా చెప్పలేదు. ఇది చదివితే ఆమె భయపడి మాత్రలు మానేస్తుందేమోనని ఇంకా చూపించలేదు.

జవాబు: కర్నూలు నుంచి ఒక పిల్లల వైద్యురాలు

చూపించకుండా ఆగడం చాలా మంచి పని చేశారు. ముందుగా చెప్పవలసినది ఒక్కటే: ఆ మాత్రలు ఒక్క రోజు కూడా సొంతంగా మానకూడదు, తగ్గించకూడదు. ఉన్నట్టుండి మానితే వచ్చే ఫిట్స్ ఆగకుండా కొనసాగి ప్రాణానికే ముప్పు తేవచ్చు. గర్భంలో బిడ్డ ఉంటే ఇద్దరికీ ప్రమాదం.

వాల్‌ప్రోయేట్ మంచి మందు. కొన్ని రకాల మూర్ఛకు దానంత బాగా పనిచేసేది మరొకటి లేదు. కానీ తల్లి కాబోయే స్త్రీ విషయంలో అన్ని మూర్ఛ మందుల్లోకీ ఎక్కువ జాగ్రత్త కోరేది కూడా అదే. 1982లోనే ఫ్రాన్సులోని లియాన్ నగర వైద్యులు, ఈ మందు వాడిన తల్లుల బిడ్డల్లో వెన్నుపాము మూసుకోకపోవడం ఎక్కువగా కనిపిస్తోందని గుర్తించారు. ఆ తర్వాత నోటి చీలికలూ, గుండె లోపాలూ కూడా ఆ జాబితాలో చేరాయి. చాలా దేశాల గర్భిణుల వివరాలు కలిపి 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం, రోజుకు 650 మిల్లీగ్రాములకు మించని మోతాదులో నూటికి సుమారు ఆరుగురు బిడ్డలకు, అక్కడి నుంచి 1450 దాకా పదకొండు మందికి, ఆపైన పాతికమందికి పెద్ద లోపాలు వచ్చాయి. మీ చెల్లెలిది మధ్య మోతాదు. అదే లెక్కలో లామోట్రిజిన్, లెవెటిరాసిటామ్ అనే మందుల దగ్గర ఆ సంఖ్య సుమారు మూడు, అంటే ఏ మందూ వాడని తల్లులకు దగ్గరగా ఉంది. బ్రిటన్‌లో 2018 నుంచి, గర్భం రాకుండా కట్టుదిట్టమైన ఏర్పాటు ఉంటే తప్ప గర్భం ధరించగల స్త్రీలకు ఈ మందు ఇవ్వకూడదన్న నియమం ఉంది.

పాపకు మొర్రి ఈ మందు వల్లనే వచ్చిందని నేను గానీ మరెవరు గానీ ఖాయంగా చెప్పలేము. ఈ మందు వాడిన తల్లుల్లో ఎక్కువమందికి బిడ్డలు లోపం లేకుండానే పుట్టారు. మీరు చెప్పిన కారణాలన్నింటిలో బలంగా కనిపిస్తున్నది ఇది, మార్చుకోవడానికి వీలున్నది కూడా ఇదే. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. తన ప్రాణం కాపాడుకోవడానికి వైద్యుడు రాసిన మాత్ర వేసుకున్న మనిషిలో తప్పు వెతకవలసిన పని ఎవరికీ లేదు. గ్రహణం నింద పోయి మాత్రల నింద దాని స్థానంలోకి రాకుండా మీరే కాపు కాయాలి.

ఇప్పుడు చేయవలసినది: మందు మార్చవచ్చా, మారిస్తే ఏది, ఎంత నెమ్మదిగా అన్నది నరాల వైద్య నిపుణులు ఆమె మూర్ఛ రకాన్ని చూసి నిర్ణయించాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో గానీ, మీకు దారి సులువైతే బెంగళూరు నిమ్హాన్స్‌లో గానీ చూపించండి. లామోట్రిజిన్ వంటి మందును చాలా వారాలపాటు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. వాల్‌ప్రోయేట్‌తో కలిసి ఉన్నప్పుడు ఇంకా నెమ్మదిగా పెంచాలి, లేకపోతే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు వస్తాయి. మార్చిన తర్వాత ఫిట్స్ అదుపులో ఉన్నాయని కొన్ని నెలలు చూసుకొని గర్భానికి సిద్ధపడాలి. ఈ మధ్యకాలానికి కాపర్‌-టి అనువుగా ఉంటుంది, ఎందుకంటే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్ బలాన్ని తగ్గించేస్తాయి. ఒకవేళ ఆమె మూర్ఛకు వాల్‌ప్రోయేట్ తప్ప మరొకటి పనిచేయదని తేలితే, వీలైనంత తక్కువ మోతాదుకు తెచ్చి, అందులోని ముప్పు ఎంతో దంపతులకు వివరించి, వాళ్ళ నిర్ణయం ప్రకారం నడవాలి. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలను 1998 నుంచి నమోదు చేస్తున్నారు, మన దేశపు స్త్రీల గురించిన ఈ జ్ఞానంలో చాలా భాగం అక్కడి నుంచి వచ్చినదే.

ఇంకొకటి, పాప గురించి. వాల్‌ప్రోయేట్ అవయవాల మీదే కాక మెదడు ఎదుగుదల మీద కూడా పనిచేయగలదు. కడుపులో ఉన్నప్పుడు దాని ప్రభావానికి లోనైన పిల్లల్లో కొందరికి మాటలు ఆలస్యమవుతాయి, చదువు వెనుకబడుతుంది. పాపకు మాటలు తక్కువగా ఉండడానికి మొర్రి ఒక్కటే కారణమని అనుకోవద్దు. ప్రొద్దుటూరు తల్లిగారు చెప్పిన వినికిడి పరీక్షతోపాటు ఎదుగుదల పరీక్ష కూడా చేయించండి. తల్లి ఏ మందు ఎంత మోతాదులో వాడిందో ఆ వైద్యులకు తప్పకుండా చెప్పండి. శిక్షణ ఎంత త్వరగా మొదలైతే అంత ఎక్కువ ఫలితం ఉంటుంది.

జవాబు: ఆదోని ప్రాంతపు ఏఎన్ఎం

నేను ఇరవై రెండేళ్ళుగా పల్లెల్లో గర్భిణుల పేర్లు నమోదు చేస్తున్నాను. డాక్టరమ్మ రాసినదానికి నా అనుభవంలోంచి ఒక్క మాట కలుపుతాను. మా దగ్గరికి ఆడబిడ్డలు వచ్చేది రెండో నెల చివర, మూడో నెల మొదట. పిండం వెన్నుపాము గర్భం నిలిచిన ఇరవై ఎనిమిదో రోజుకే మూసుకుంటుంది, అంటే నెల తప్పిందని తెలిసిన రెండు వారాలకే ఆ గడువు ముగుస్తుంది. వెన్నుపాము సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాత్రను మేము చేతిలో పెట్టేసరికి అది చేయవలసిన అసలు పని సమయం దాటిపోయి ఉంటుంది. అందుకే బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే, కనీసం ఒకటి రెండు నెలల ముందుగా మొదలుపెట్టాలని పెళ్ళైన ప్రతి అమ్మాయికీ చెబుతూ తిరుగుతున్నాను. మామూలు వాళ్ళకు రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, మూర్ఛ మందు వాడేవాళ్ళకు డాక్టర్లు 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. అది వేసుకుంటున్నాం కదా అని వాల్‌ప్రోయేట్ గురించి నిశ్చింతగా ఉండకూడదని కూడా మాకు శిక్షణలో చెప్పారు.

మామగారి బీడీల సంగతి తేలికగా తీసుకోవద్దు సార్. భార్య తాగకపోయినా ఇంట్లో పొగ ఆమెకూ బిడ్డకూ చేరుతుంది. బిడ్డ కావాలనుకుంటున్న ఈ నెలల్లోనే ఆయన మానుకోవడం మొదలుపెట్టాలి.

జవాబు: కర్నూలు నుంచి ఒక పిల్లల వైద్యురాలు

ఏఎన్ఎం గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను మరిచిపోయిన పరీక్షల సంగతి రాస్తాను. గర్భానికి ముందే భార్యాభర్తలిద్దరికీ తలసీమియా రక్తపరీక్ష చేయించండి. మేనరికం ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి అనుకోవాలి. మూడు తరాల వంశవృక్షం కాగితం మీద గీసుకొని, చిన్నతనంలోనే పోయిన పిల్లలను కూడా అందులో చేర్చి, హైదరాబాదు నిమ్స్‌లోని జన్యువైద్య విభాగం వంటి చోట ఒకసారి చూపించడం మంచిది. గర్భం వచ్చాక పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వారాల మధ్య, బిడ్డ అవయవాలన్నీ చూడడానికి చేసే టిఫా స్కానులో పెదవి చీలిక చాలావరకు కనిపిస్తుంది. అంగిలి ఒక్కటే చీలి ఉంటే కనిపించకపోవచ్చు. మూర్ఛ మందు సంగతి చెబితే స్కాను చేసేవారు వెన్నునూ గుండెనూ మరింత శ్రద్ధగా చూస్తారు.

ప్రశ్న అడిగినవారు: ఉరవకొండ ఉపాధ్యాయుడు

డాక్టరమ్మ రాసినదంతా ఈ రోజు మామనూ చెల్లెలినీ కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాను. మాత్రలు మానకూడదన్న మాట మూడుసార్లు చదివాను. చెల్లెలు చాలాసేపు మౌనంగా ఉండి, చివరికి "అయితే నేను బయటికి పోయినందుకు కాదు కదన్నా?" అని ఒక్కటే అడిగింది. వచ్చే వారం నిమ్హాన్స్‌కు వెళ్తున్నాము. పాత చీటీలన్నీ వెతికి ఒక సంచిలో పెట్టాము. వంశవృక్షం గీయడానికి అవ్వ పక్కన కూర్చున్నాను. నాకు తెలియని ఇద్దరు పసిబిడ్డల సంగతి ఆమె చెప్పింది. ఇద్దరూ ఏడాది నిండకముందే పోయారట, వాళ్ళ తల్లిదండ్రులదీ మేనరికమే. ఆ పేర్లు కూడా రాసుకున్నాను. పాప వినికిడి పరీక్ష ఫలితం రాగానే ఇక్కడ తెలియజేస్తాను.